గాలిని ఎక్కడ నిలబడి కొలిచారు?

జూన్‌లో బడులు తెరిచేసరికి పాలక్కాడు కనుమ గుండా గాలి మొదలవుతుంది. పడమటి కనుమల్లో దాదాపు ముప్పై కిలోమీటర్ల వెడల్పున ఉన్న ఆ సందులోంచి నైరుతి గాలి దూరి, కోయంబత్తూరు, పల్లడం, ఉడుమలపేట మీదుగా తూర్పుకు సాగుతుంది. ఆడి మాసం గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళంలో సామెత. ఆ దారిన బస్సులో వెళ్తే కిటికీకి అటూ ఇటూ గాలిమరలే. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాల పొలాలు వాటి నీడలో చాలానే ఉన్నాయి. దక్షిణాన కోవిల్‌పట్టి, కయత్తారు వైపు వెళ్ళినా, కర్ణాటకలో చిత్రదుర్గం వైపు వెళ్ళినా ఇదే దృశ్యం.

ఏడో తరగతి పిల్లవాడు ఒకడు మమ్మల్ని అడిగాడు: "ఇక్కడే ఎందుకు పెట్టారు సార్?" గాలి ఎక్కువ కాబట్టి అన్నాం. "ఎక్కువని ముందే ఎలా తెలిసింది?" అన్నాడు. దానికి జవాబు మా దగ్గరున్న పాఠ్యపుస్తకంలో లేదు. తర్వాత చెప్తానని అప్పటికి తప్పించుకున్నాం. ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్తే, అది సైన్సు పాఠంతో ఆగే విషయం కాదని అర్థమైంది.

ముందు ఒక చిన్న లెక్క. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. వేగాన్ని పది శాతం ఎక్కువగా కొలిస్తే శక్తి అంచనా ముప్పై మూడు శాతం తప్పుతుంది. సగటు వేగం ఒక్కటే చూసినా మోసపోతాం. ఒక ఊళ్ళో రోజంతా సెకనుకు 4 మీటర్ల గాలి వీచింది. పక్క ఊళ్ళో సగం రోజు ఆకు కదల్లేదు, మిగతా సగం 8 మీటర్ల వేగంతో వీచింది. రెండు ఊళ్ళలోనూ సగటు నాలుగే. కానీ మొదటి ఊరి లెక్క 64, రెండో ఊరిది 512లో సగం, అంటే 256. సగటు ఒకటే, శక్తి నాలుగు రెట్లు. ఎనిమిదో తరగతిలో ఘనాలు చెప్పేటప్పుడు ఈ లెక్క ఇచ్చి చూడండి. వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది.

మరి దేశమంతా గాలిని కొలిచిన లెక్క ఎక్కడుంది? ముందుగా గుర్తొచ్చేది వాతావరణ కేంద్రాలే. దశాబ్దాల రిజిస్టర్లు వాటి దగ్గర ఉన్నాయి. అయితే ఆ కేంద్రాలను పెట్టింది వానను, తుఫానును ముందుగా చెప్పడానికీ, విమానాలకు దారి చూపడానికీ. కరెంటు కోసం ఎవరూ పెట్టలేదు. అందుకే చాలావరకు ఊళ్ళలో, జనం ఉన్న చోట ఉంటాయి. గాలి ఏమో కొండ అంచున, కనుమ నోట్లో, సముద్రపు ఒడ్డున ఉంటుంది. కొలిచే ఎత్తు నేల నుంచి పది మీటర్లు. దగ్గరలో ఏదైనా అడ్డు ఉంటే దాని ఎత్తుకు పది రెట్ల దూరంలో పరికరం ఉండాలని అంతర్జాతీయ నియమం. పెట్టిన రోజున ఆ నియమం పాటించే ఉంటారు. నలభై ఏళ్ళలో చుట్టూ వేపచెట్లు ఎదుగుతాయి, పక్కన మూడంతస్తుల ఇల్లు లేస్తుంది, పరికరంలో బేరింగ్ అరుగుతుంది. రిజిస్టర్‌లో మాత్రం ఏటేటా గాలి తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. పైగా చాలా కేంద్రాల్లో చూసి రాసుకునేది ఉదయం ఎనిమిదిన్నరకూ సాయంత్రం ఐదున్నరకూ. గాలి ఉద్ధృతంగా ఉండే వేళ ఈ రెంటికీ మధ్య వస్తే ఆ పుస్తకంలోకి ఎక్కదు.

ఇది మాకు చదివితే తెలియలేదు, చేస్తే తెలిసింది. ప్లాస్టిక్ బంతులను సగానికి కోసి, పాత సైకిల్ హబ్‌కు నాలుగు చేతులు అమర్చి, ఒక గిన్నెకు ఎర్ర రంగు పూసి, మా పిల్లలు గాలి వేగం కొలిచే పరికరం ఒకటి తయారు చేశారు. 1846లో రాబిన్‌సన్ అనే ఐర్లండ్ శాస్త్రజ్ఞుడు నాలుగు గిన్నెలతో చేసినదానికి అది పేదింటి చుట్టం. ఎర్ర గిన్నె నిమిషానికి ఎన్నిసార్లు ముందుకొస్తుందో లెక్కపెట్టడమే పని. గాలి లేని ఉదయం మోటారు సైకిల్ మీద పట్టుకుని వెళ్ళి, ఏ వేగానికి ఎన్ని చుట్లో పట్టిక రాసుకున్నాం. దాన్ని డాబా మీద పెట్టి నెలరోజులు రాశాం. బయట చెట్లు ఊగిపోతుంటే పుస్తకంలో గాలి అంతంతమాత్రం. హబ్‌లో గ్రీజు గట్టిపడిందని ఒకరు, లెక్కపెట్టే పిల్లలు నిద్రపోతున్నారని ఒకరు అన్నారు. చివరికి ఒక అమ్మాయి గమనించింది: పడమటి వైపున నీళ్ళ ట్యాంకు ఉంది, దాని చాటున పెట్టాం. మైదానం మధ్యలో గుంజ పాతి దాని మీదికి మార్చాక చుట్లు దాదాపు రెట్టింపయ్యాయి. వేగం రెట్టింపు అంటే శక్తి ఎనిమిది రెట్లు. నెలరోజులు మేము కొలిచింది గాలిని కాదు, నీళ్ళ ట్యాంకును.

అదే చిక్కును దేశం స్థాయిలో విప్పినవారిలో అన్నా మణి ముఖ్యులు. 1918లో తిరువాన్కూరు సంస్థానంలోని పీర్‌మేడులో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేశారు. ఎం.ఎస్‌సి. లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేట్ ఇవ్వలేదు. భౌతికశాస్త్రం చదవాలని 1945లో ఇంగ్లండుకు వెళ్ళి, వాతావరణ పరికరాల విద్య నేర్చుకుని వచ్చారు. 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరారు. అప్పటిదాకా చిన్న పరికరం కూడా బయటినుంచి రావాల్సిందే. ఆమె దాదాపు వంద రకాల పరికరాలకు నమూనా చిత్రాలు గీయించి, ఇక్కడే తయారయ్యేలా చేశారు. తప్పుడు కొలత ఉండటం కంటే కొలతే లేకపోవడం మేలని నమ్మిన మనిషి. 1976లో పదవీ విరమణ చేశాక ఆమె గాలి పని పట్టుకున్నారు. వాతావరణ కేంద్రాల పాత లెక్కలను వడపోసి, డి.ఎ. మూలేతో కలిసి భారతదేశపు పవనశక్తి దత్తాంశాల గ్రంథాన్ని 1983లో తెచ్చారు. ఆ తర్వాతి సర్వే బెంగళూరు కేంద్రంగా సాగింది. గాలి ఉండొచ్చనుకున్న చోట్లకే స్తంభాలు తీసుకుపోయి పాతారు. ఏడాది, రెండేళ్ళు కొలిచారు. పాత లెక్క ఎక్కడ వెతకాలో చెప్పింది, కొత్త స్తంభం అక్కడ ఎంత ఉందో చెప్పింది. 1986లో తూత్తుకుడి, రత్నగిరి, ఓఖా తీరాల్లో 55 కిలోవాట్ల చిన్న యంత్రాలతో తొలి గాలిమరల క్షేత్రాలు నిలిచాయి.

డెన్మార్క్‌వాళ్ళు ఇదే కాలంలో మరో ఉపాయం కనిపెట్టారు. మా నీళ్ళ ట్యాంకు కథ చెప్పాం కాబట్టి ఇది చెప్పడం తేలిక. కేంద్రం చుట్టూ ఉన్న చెట్లు, ఇళ్ళు, మెరక పల్లాలు గాలిని ఎంత తగ్గించాయో, ఎంత పెంచాయో లెక్కగట్టి రిజిస్టర్‌లోంచి వాటిని తుడిచేస్తారు. మిగిలేది ఆ ప్రాంతపు అసలు గాలి. దాన్ని పదుల కిలోమీటర్ల దూరంలోని మరో చోటికి తీసుకుపోయి, ఆ చోటి చెట్లను, కొండలను తిరిగి లెక్కలో కలుపుతారు. 1989లో వెలువడిన యూరప్ పవన పటం రెండు వందలకు పైగా కేంద్రాల లెక్కలతో ఇలా తయారైందే. మన దేశంలో ఈ పనికి 1998లో చెన్నైలో ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు జాతీయ పవనశక్తి సంస్థ. గాలిమరలను పరీక్షించే దాని కేంద్రం ఉన్నది కట్టబొమ్మను ఉరి తీసిన ఆ కయత్తారులోనే. 2010లో డెన్మార్క్‌లోని రిసో ప్రయోగశాలతో కలిసి ఈ సంస్థ భారత పవన పటాన్ని ప్రచురించింది.

ఇక్కడినుంచి అంకెలను జాగ్రత్తగా చదవాలి. 50 మీటర్ల ఎత్తున దేశపు పవనశక్తి 49,130 మెగావాట్లు అన్నారు. 80 మీటర్ల దగ్గర 1,02,788 మెగావాట్లు. తర్వాతి పటాల్లో 100 మీటర్లకు 302 గిగావాట్లు, 120 మీటర్లకు 695 గిగావాట్లు, 150 మీటర్లకు 1,164 గిగావాట్లు. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. ఈ ఏళ్ళలో దేశం మీద వీచే గాలి ఇరవై రెట్లు పెరగలేదు. మారింది మనం చూస్తున్న ఎత్తు, లెక్క కట్టే పద్ధతి, మరలకు ఎంత భూమి దొరుకుతుందన్న అంచనా. నేల దగ్గర చెట్లూ ఇళ్ళూ గాలిని పట్టి లాగుతాయి. పైకి పోయేకొద్దీ అది వదులవుతుంది. మామూలు బయలు నేల మీద పది మీటర్ల దగ్గర 5 మీటర్ల వేగం ఉంటే, ఎనభై మీటర్ల దగ్గర సుమారు ఆరు ముప్పావు ఉంటుంది. శక్తి దాదాపు రెండున్నర రెట్లు. 120 మీటర్ల పటంలో కర్ణాటకకు 124, మహారాష్ట్రకు 98, ఆంధ్రప్రదేశ్‌కు 75, తమిళనాడుకు 69 గిగావాట్లు వచ్చాయి. గాలిమరల్లో చాలాకాలం దేశానికే ముందున్న తమిళనాడు ఈ వరుసలో వెనక ఉండటం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఎంత గాలి ఉందన్నది ఒక ప్రశ్న, ఎంత వాడుకున్నామన్నది వేరే ప్రశ్న.

ఇదంతా ఈ పేజీలో ఎందుకని కొందరు తల్లిదండ్రులు అనుకోవచ్చు. కారణం ఉంది. మా బడిలోనే తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివిన ఒకాయన ఇప్పుడు మా విద్యార్థికి తండ్రి. కొన్నేళ్ళ కిందట ఆయన పొలం కోసం ఒక ఏజెంటు వచ్చాడు. "ఇక్కడ గాలి పెద్దగా లేదు, దగ్గరి వాతావరణ కేంద్రం లెక్క చూడండి" అని కాగితం ఇచ్చాడు. అందులో అంకె అబద్ధం కాదు. ఊళ్ళో, పది మీటర్ల ఎత్తున, ఇళ్ళ మధ్య కొలిచిన అంకె అది. పొలం ఉన్నది ఊరికి దూరంగా, బయలు మెట్ట మీద. ఆయన తక్కువ ధరకు అమ్మేశాడు. రెండేళ్ళకు అక్కడ గాలిమర లేచింది. ఆ సంగతి మాతో చెబుతూ, "ఎంత ఎత్తున కొలిచారని అడగాలని నాకు తెలీదు. బడిలో మీరెవరూ చెప్పలేదు గదా సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

తెలుగు మాధ్యమంలో సైన్సు రాదని, పిల్లలు వెనకబడతారని భయపడి మన బడులనుంచి తీసుకుపోతున్న తల్లిదండ్రులను మేము తప్పుపట్టం. మా తరగతుల్లో ఖాళీ అవుతున్న బెంచీలు మాకు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ ఆ తండ్రి నష్టపోయింది ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు. ఎక్కడ కొలిచారు, ఎంత ఎత్తున, ఎన్నాళ్ళు అనే మూడు ప్రశ్నలు ఏ భాషలోనైనా అడగొచ్చు. అవి అడిగే అలవాటు బడిలో చేయించకపోవడం మా లోపం, మాధ్యమం లోపం కాదు. పరికరాన్ని ఎనిమోమీటర్ అంటే చాలు. దానికి పలకలేని సంస్కృత సమాసం కట్టి పిల్లల నోట్లో కుక్కాల్సిన పని లేదు.

అందుకని తోటి ఉపాధ్యాయులకు మా ప్రతిపాదన ఒకటే. ప్రతి తెలుగు బడిలో ఒక గాలి పుస్తకం మొదలుపెడదాం. పరికరానికి ఖర్చు దాదాపు లేదు. పాత సైకిల్ హబ్ ఏ రిపేరు షాపులోనైనా దొరుకుతుంది. కష్టమల్లా ఆపకుండా రాయడం. ఒక చోట స్తంభం నిలిపి ఏడాది కొలిచినవాళ్ళకు, ఆ ఏడాది మంచి గాలి ఏడాదో కాదో తెలియదు. దగ్గరి వాతావరణ కేంద్రంలో ముప్పై ఏళ్ళ రిజిస్టర్ ఉంటే దానితో పోల్చి చూసి, తమ ఏడాది లెక్కను సరిదిద్దుకుంటారు. చెట్టు చాటున ఉన్న పాత కేంద్రానికి కూడా ఆ విలువ ఉంది, ఆ చెట్టు ఎప్పుడు నాటారో ఎవరైనా రాసి ఉంటే.

సోలాపూర్‌లోనూ, ఒడిశా తీరాన గోపాల్‌పూర్‌లోనూ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. ఆ వైపు బడులవాళ్ళు తమ పుస్తకాన్ని వాటి లెక్కతో పోల్చుకోవచ్చు. యానాంలో సముద్రపు గాలి ఏ వేళకు లోపలికి వస్తుందో పిల్లలే గంటగంటకూ రాసి పట్టుకోవచ్చు. సెలవు రోజుల్లో ఎవరు రాస్తారన్నది మాకూ తేలలేదు. ప్రస్తుతానికి బడి పక్కింటి పిల్లలిద్దరు వంతులవారీగా గోడ దూకి వచ్చి రాస్తున్నారు. గోడ దూకడం తప్పని చెప్పాల్సిన మేము తాళంచెవి ఒకటి చేయించి ఇచ్చాం.

పుస్తకంలో తేదీ, వేళ, దిక్కు, చుట్లు అని నాలుగు గడులు గీసుకున్నాం. ఐదో గడి ఆ అమ్మాయి పట్టుబట్టి కలిపించింది: చుట్టూ ఏమైనా మారిందా? మొన్న శుక్రవారం ఆ గడిలో ఇలా ఉంది: "ఈ రోజు పడమటి గోడ దగ్గర కొబ్బరి మొక్క నాటారు. ఎత్తు రెండు అడుగులు."