రాచబండి కిటికీలోనుంచి

మొన్న మన కళాశాలలో జరిగిన చర్చాగోష్ఠిలో విద్యార్థులు విహారయాత్రల గురించి మాట్లాడుతుండగా, రాజస్థాన్‌లో నడిచే "ప్యాలెస్ ఆన్ వీల్స్" రైలు ప్రస్తావన వచ్చింది. కూర్చునేందుకు చోటు లేక జనం తలుపులకు వేలాడే దేశంలో ఈ రాజభోగాల రైలు ఎందుకని ఒకరు నిలదీశారు. అది మన పూర్వవైభవానికి చిహ్నమని, దానిని చూసి గర్వపడాలని మరొకరు బదులిచ్చారు. ఇరువురికీ చప్పట్లు మోగాయి. సభ ముగిసినా ఆ వాదం మాత్రం నా మనసును విడువలేదు. ఇద్దరి మాటలోను సగం సత్యమే ఉన్నదని నా అభిప్రాయం. మిగిలిన సగాన్ని ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా ఆ రైలు కథ చెప్పుకోవాలి. అది 1982 జనవరి 26న మొదలైంది. రాజపుతానా, గుజరాత్ సంస్థానాధీశులు, ఆంగ్లేయుల నాటి వైస్రాయి, మన హైదరాబాదు నిజాం తమ ప్రయాణాలకు ప్రత్యేకంగా చేయించుకొన్న సెలూన్ పెట్టెలే ఈ రైలు ఆలోచనకు మూలం. ఆనాడు రాజస్థాన్‌లో చాలా దారులు మీటర్ గేజివి. అందుచేత ఆ కొలతకు సరిపడే పాత పెట్టెలకు మళ్లీ ప్రాణం వచ్చింది. కాని కాలం ఎవరికోసమూ ఆగదు. 1991లో కొత్త పెట్టెలు తయారయ్యాయి. దారులు వెడల్పు కావడంతో 1995లో బ్రాడ్ గేజి బండి వచ్చింది. కరోనా వల్ల 2020లో నిలిచిపోయి, 2022లో తిరిగి కదిలింది. అంటే, నేడు ఈ రైలు ఎక్కేవారు రాజులు కూర్చున్న ఆసనంపై కూర్చోవడం లేదు. దాని నమూనాపై కూర్చుంటున్నారు. వారు వెల ఇచ్చి కొనుక్కొంటున్నది ప్రయాణాన్ని మాత్రమే కాదు, ఒక ఊహను కూడా.

ఇందులో తప్పేమున్నదని అడుగవచ్చు. తప్పేమీ లేదు. దూరదేశాల యాత్రికులు వస్తారు. వంటవారికి, సేవకులకు, మార్గదర్శకులకు, చేతిపనివారికి నాలుగు మెతుకులు దొరుకుతాయి. చెక్కపని, అద్దకం, తివాచీ నేత వంటి కళలకు ఆదరణ లభిస్తుంది. ఒక సామాన్యోద్యోగి నెలల తరబడి సంపాదించే జీతం ఒక్క వారపు టిక్కెట్టుకు చాలదన్న కారణం చేత ఆ రైలును ఆపివేస్తే, మన సాధారణ తరగతి పెట్టెలో ఒక్క బల్ల కూడా అదనంగా రాదు. కనుక కేవలం అసూయతో చేసే విమర్శకు నేను అంగీకరించలేను.

నా అభ్యంతరం వేరు. ఆ రైలు చరిత్రను ఎలా చూపుతుందన్నదే నా ప్రశ్న. ఢిల్లీలో సాయంకాలం బయలుదేరి, జైపూరు, సవాయి మాధోపూరు, చిత్తోడు, ఉదయపూరు, జైసల్మేరు, జోధపూరు, భరత్‌పూరు, ఆగ్రాలను చుట్టి, ఎనిమిదవనాటి ఉదయానికి ఢిల్లీ చేరుతుంది. ఒక్కొక్క నగరానికి దక్కేది ఒక పూట, మహా అయితే ఒక పగలు. అంత స్వల్పకాలంలో కోటగోడ కనిపిస్తుంది. ఆ గోడకు రాళ్లు మోసిన భుజం కనిపించదు.

జైపూరునే తీసుకొందాం. సవాయి జయసింగు 1727లో నిర్మాణం ప్రారంభించిన నగరమది. అక్కడి జంతర్ మంతర్‌లోని సామ్రాట్ యంత్రం సుమారు 27 మీటర్ల ఎత్తుగల నీడగడియారం. తొందరలో ఉన్న యాత్రికుడు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకొని వెళ్లిపోతాడు. విద్యార్థి అయితే తన చేతిగడియారాన్ని ఆ నీడతో పోల్చి చూస్తాడు. రెండూ కలియవు. ఎందుకు? మన దేశానికంతటికీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమే కాలప్రమాణం. జైపూరు దానికి పడమట ఉన్నది కనుక అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం సగటున 27 నిమిషాలు ఆలస్యం. ఒక్క ప్రశ్న వేసుకొంటే ఒక పూట యాత్ర భూగోళశాస్త్ర పాఠమవుతుంది. ప్రశ్న లేకుంటే వారం రోజుల యాత్ర కూడా వట్టి ఫొటోల కట్టగానే మిగులుతుంది.

జోధపూరులోని ఉమైద్ భవనం మరొక సాక్షి. 1929లో పని మొదలై 1943లో పూర్తయిన ఆ మహాసౌధాన్ని చూసి, రాజుగారి విలాసమని అందరూ అనుకొంటారు. దాని పుట్టుక వెనుక కరువు ఉన్నది. ఆకలితో ఉన్న ప్రజలకు పని కల్పించడానికి ఆ కట్టడాన్ని తలపెట్టారు. కరువుపనికి వచ్చిన కూలీల చేతులమీదుగా లేచిన భవనంలో ఒక భాగం నేడు ఖరీదైన హోటలు! దానిని దయ అనాలా, దర్పం అనాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. కాని ఆ కరువు మాట తెలియకుండా ఆ గుమ్మటాన్ని మెచ్చుకోవడం సగం చదువు మాత్రమే.

ఇక మన ఊరికి వద్దాం. నిజాం సెలూన్ పేరు విని మురిసిపోయే మనం, హైదరాబాదుకు రైలు ఎలా వచ్చిందో ఎంతమందిమి ఎరుగుదుము? 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు తొలి మార్గం తెరుచుకొంది. 1883లో ఆ మార్గాన్ని చాందా వైపు పొడిగించే పథకం వచ్చింది. నిర్మించేది ఇంగ్లండులోని కంపెనీ. దాని పెట్టుబడికి వడ్డీ పూచీ పడేది నిజాం ప్రభుత్వం. లాభనష్టాలు ఎలా ఉన్నా ఆ పూచీ భారం చివరకు మోయవలసింది ఇక్కడి రైతే. ఈ ఒప్పందం వివరాలను ప్రజల ముందు పెట్టి చర్చించాలని అఘోరనాథ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి పెద్దలు కోరారు. అఘోరనాథులు అప్పటికి హైదరాబాదు కళాశాల ప్రిన్సిపాలు, సరోజినీ నాయుడు గారి తండ్రి. ఆ ఒక్క నేరానికి ఆయనను పదవి నుంచి తొలగించి, నగరం నుంచే వెళ్లగొట్టారు. మన నగరంలో ప్రజాభిప్రాయమన్నది తొలిసారిగా గొంతు విప్పిన సందర్భాలలో ఇది ఒకటి. ఆ గొంతులలో హిందువూ ఉన్నాడు, ముస్లిమూ ఉన్నాడు. ముందు నిలిచినవాడు ఒక అధ్యాపకుడు. 1930లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి రైల్వేను స్వాధీనం చేసుకొంది.

వెల్వెట్ పరదాలను వర్ణించే ప్రకటనల్లో ఈ కథకు చోటుండదు. దానిని చెప్పవలసిన బాధ్యత మనది. రాచపెట్టె కథ సంపూర్ణం కావాలంటే అందులో కూర్చున్నవారితో పాటు, దానిని చెక్కిన వడ్రంగి, ఇంజనుకు బొగ్గు వేసిన ఫైర్‌మన్, పట్టాలు వేసిన గ్యాంగుకూలీ, పన్ను కట్టిన రైతు కూడా అందులో ఉండాలి.

అందుచేత కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. ఈ ఏటి విహారయాత్రకు దూరపు ఊళ్లు వెదకనక్కరలేదు. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను మన ముంగిటనే ఉన్నది. నిజాం రైల్వే కాలం నుంచి పనిచేస్తున్న లాలాగూడ వర్క్‌షాపు ఉన్నది. ఆ పరిసరాల్లో ఆవిరి ఇంజన్లపై పనిచేసిన వృద్ధులు ఇంకా కొందరు ఉన్నారు. వారిలో కొందరు ఉర్దూలో, కొందరు తెలుగులో తమ అనుభవాలు చెబుతారు. రెండు భాషల విద్యార్థులూ జతలు జతలుగా వెళ్లి, ఆ మాటలను రాసుకొని వచ్చి, వచ్చే సంచికలో రెండు లిపుల్లోను అచ్చువేయాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. బస్సు చార్జీలు, నోటు పుస్తకాలు చాలు. ఆలస్యం మాత్రం తగదు. పెట్టె పాతబడితే దానికి నమూనా చేయించవచ్చు. కన్నుమూసిన మనిషి జ్ఞాపకానికి నమూనా చేసే కార్ఖానా ఏ దేశంలోను లేదు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో ఎవరైనా సంపన్నులై ఆ రాచబండి ఎక్కితే నేను సంతోషిస్తాను. సుఖంగా ప్రయాణం చేయండి. కాని కిటికీ పరదా తీసి, ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడి వైపు కూడా ఒకసారి చూడండి. ఈ బండికి వెల ఎవరు కట్టారని మిమ్మల్ని మీరే అడగండి. 1883లో మన నగరంలోని ఒక ప్రిన్సిపాలు ఆ ప్రశ్న అడిగి ఊరు విడిచిపోవలసివచ్చింది. నేడు మనకు ఆ భయం లేదు. అడగకపోవడానికి మరి ఏ సాకు చెప్పగలం?