ఫోను పాఠము చెప్పునా?



ఈ నెల మన పిల్లల చదువును గూర్చి, ముఖ్యముగా తరగతి గదిలోనికి వచ్చిన ఇంటర్నెట్టును గూర్చి ఆలోచించుదాము. "ఫోను వలననే పిల్లలు చెడిపోతున్నారు" అనేవారు కొందరు. "అన్నీ ఫోనులోనే దొరుకుతుంటే ఇక మాస్టారుతో పనేమున్నది?" అనేవారు మరికొందరు. ఈ రెండు మాటలలో దేనినీ మేము పూర్తిగా ఒప్పుకొనలేము. ఎందుకో చెప్పుటకు ముందు, మా పొరపాటు ఒకటి మీ ముందు ఉంచవలెను.

2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినవి. పాఠములు టీవీలోను, ఇంటిపని ఫోనులోను వచ్చిన కాలమది. మా వీధిలో ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. ఇంటికంతటికీ ఒకటే ఫోను. నాన్న పనినుండి వచ్చిన తరువాతనే అది ఆమె చేతికి వచ్చేది. టీచరుగారు పంపిన జవాబుల ఫొటోలు చూచి, ముత్యాలవంటి అక్షరాలతో నోటుబుక్కులో దించుకొనేది. ఆ పుస్తకము చూచి మేము ఎంతగానో మెచ్చుకున్నాము. తల్లిదండ్రులు సంతోషించారు. పిల్ల చదువు సాగుతున్నదని అందరమూ అనుకున్నాము.

బడులు తెరిచిన తరువాత సైన్సు టీచరుగారు, "బల్బు వెలగాలంటే తీగలు ఎక్కడెక్కడ కలపాలో బొమ్మ వెయ్యి తల్లీ" అన్నారు. అమ్మాయి బ్యాటరీ గీసింది, బల్బు గీసింది, రెంటికీ నడుమ ఒకే ఒక తీగ గీసి ఆగిపోయింది. ఆమె నోటుబుక్కులో విద్యుత్ వలయమునకు నిర్వచనము ఒక్క తప్పు లేకుండా ఉన్నది! "రాసింది నేనేనండీ, కాని నాకు తెలియదు" అని ఏడ్చింది. ఆ మాట విన్నప్పుడు మాకు సిగ్గు వేసింది. అన్ని నెలలలో ఒక్కరోజైనా "ఇదేమిటో చెప్పమ్మా" అని మేము అడగలేదు. అక్షరాలు చూచాము గాని, పిల్లను చూడలేదు.

ఆ టీచరుగారు కోపపడలేదు. తన ఫోను తీసి ఫెట్ అనే వెబ్‌సైటులోని ఒక ఆట తెరిచారు. ఈ ఫెట్‌ను 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయములో కార్ల్ వీమన్ అనే శాస్త్రవేత్త ప్రారంభించారు. ఆయన 2001లో భౌతికశాస్త్రములో నోబెల్ బహుమతి పొందినవారు. రుసుము ఏమీ లేదు. ముందుగా దించి పెట్టుకుంటే నెట్ లేనిచోట కూడ పనిచేయును. అందులో బ్యాటరీ, బల్బు, తీగలు ఉంటాయి. వేలితో జరిపి కలుపుకొనవలెను. అమ్మాయి ముందు తాను గీసినట్లే ఒక తీగ కలిపింది. బల్బు వెలగలేదు. రెండవ తీగ కలిపింది, వెలిగింది. తీగలలో చిన్న చిన్న చుక్కలు కదులుతూ, బ్యాటరీనుండి బయలుదేరి బల్బు గుండా పోయి తిరిగి బ్యాటరీని చేరడం కళ్ళారా చూచింది. ఒక తీగ ఊడదీస్తే చుక్కలన్నీ ఒక్కసారే ఆగిపోయినవి. "ఓహో, దారి మళ్ళీ ఇంటికి రావాలన్న మాట!" అన్నది. నిర్వచనము ఆమె నోట అప్పుడు పుట్టింది.

టీచరుగారు అంతటితో ఆపలేదు. ఫోను పక్కన పెట్టి, నిజమైన టార్చి బల్బు, ఒక చిన్న సెల్లు, రెండు తీగముక్కలు చేతికిచ్చారు. బల్బు అడుగున ఉన్న మొనకు ఒక తీగ, పక్కన ఉన్న లోహపు భాగమునకు ఒక తీగ తగిలించాలని ఆ పిల్ల తానే వెదకి కనుగొన్నది. ఇంటి కరెంటుతో మాత్రము ఇట్టి పని ఎన్నడూ చేయరాదని కూడ ఆమె గట్టిగా చెప్పారు.

ప్రియులారా, ఆ టీచరుగారు చేసిన వరుస గమనించండి. ముందు అడిగారు, తరువాత చూపారు, చివరకు చేయించారు. ఫోను నడిమి పని మాత్రమే చేసింది. మేము చేసిన తప్పేమనగా, మొదటి పనిని, చివరి పనిని కూడ ఫోనుకే వదిలివేశాము. నాగలి ఎంత మంచిదైనను మేడి పట్టేవాడు లేకపోతే సాలు తిన్నగా పోదు గదా.

ఇది మా ఒక్క వీధి సంగతి కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశములో పిల్లలకు పది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచారు. కాని వాటిని బోధనలో ఎట్లు కలుపవలెనో చూడకపోవుట వలన చదువు మెరుగుపడలేదని యునెస్కో 2023లో వెలువరించిన విద్యా నివేదిక చెప్పింది. మన దేశపు గ్రామాలలో జరిపిన అసర్ సర్వే 2024 నివేదిక చూడండి. 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మంది స్మార్ట్‌ఫోను వాడగలరు. అట్టివారిలో అంతకు ముందు వారములో చదువు పనికి వాడినవారు 57 శాతము, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతము. పనిముట్టు ఇంటికి వచ్చింది. పని నేర్పేవారు కావలెను.

మంచి పనిముట్లు లేకపోలేదు. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవమున, కేంద్ర ప్రభుత్వము దీక్ష అనే వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకములో నలుపు తెలుపు గళ్ళతో కనిపించే క్యూఆర్ కోడును దీక్ష యాప్‌తో చూపితే, ఆ పాఠమునకు చెందిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. సిగ్నలు ఉన్నచోట దించుకొని, లేనిచోట చూపవచ్చును.

ఖాన్ అకాడమీ కథ కూడ తెలిసికొనదగినది. 2004లో అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే యువకుడు (సినిమా నటుడు కాదు) దూరాన ఉన్న తన బంధువుల అమ్మాయికి ఫోనులోను, కంప్యూటరు మీదను లెక్కలు చెప్పసాగాడు. ఇతర బంధువుల పిల్లలు కూడ చేరగా, 2006లో పాఠములను వీడియోలుగా పెట్టాడు. వీడియోను ఆపవచ్చును, వెనుకకు తిప్పి మరల వినవచ్చును. పదిమందిలో "మళ్ళీ చెప్పండి" అని అడుగుటకు బిడియపడే పిల్లకు ఇది గొప్ప మేలు. అయినను ఇదంతయు, ఒక అన్న ఒక చెల్లి కొరకు సమయము ఇచ్చుటతో మొదలైనదని మరువకూడదు.

జాగ్రత్తలు కూడ ఉన్నవి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. కనుక అందులో చూచినదానిని పాఠ్యపుస్తకముతో సరిచూచుకొనుట మంచిది. ఇప్పుడు ప్రశ్న అడిగితే క్షణములో జవాబు వ్రాసి ఇచ్చే ఏఐ యంత్రములు వచ్చినవి. అవి తప్పును కూడ తడబడకుండా చెప్పును. పైగా, మా వీధి అమ్మాయి ఫొటో చూచి దించుకున్నట్లే, పిల్లలు వాటి జవాబును దించుకొనే ప్రమాదము కలదు.

ఉపాధ్యాయులారా, మీరు చూపబోయే దానిని ముందు మీరు ఒంటరిగా చివరివరకు చూడండి. పిల్లల ఊహ ఏమిటో అడిగిన తరువాతనే తెరవండి. మూడు నాలుగు నిమిషములు చూపి ఆపండి. "ఇప్పుడేమి జరుగునో చెప్పండి" అని అడగండి. తరగతికి ఒక్క ఫోనే ఉన్నను చాలును, అడిగే గురువు ఉంటే.

తల్లులారా, తండ్రులారా, "మాకు చదువు రాదు, మేమేమి చూడగలము?" అని మీరు అనవచ్చును. చదువు రాకపోయినను అడుగుట వచ్చును గదా! ఫోను మూలగదిలో కాక, వంటింటి గుమ్మము దగ్గరో, అరుగు మీదో మీ కళ్ళ ముందు ఉండనివ్వండి. ఉన్న ఒక్క ఫోను కొడుకు చేతిలోనే ఉండిపోకుండ, కూతురికి కూడ ఒక వేళ ఏర్పరచండి. ఆమె చూడటం అయిన తరువాత ఫోను పక్కన పెట్టించి, "నాకు తెలిసేటట్లు చెప్పమ్మా" అనండి. మీకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగితే ఆమెకు వచ్చినట్లే. చెప్పలేక ఆగిపోతే, ఆగినచోటేదో మరునాడు టీచరుగారితో చెప్పండి.

ఆ అమ్మాయి ఆనాడు ఆ సెల్లు, బల్బు అడిగి తెచ్చుకొని ఇంట్లో వాళ్ళమ్మకు వెలిగించి చూపింది. వాళ్ళమ్మ వ్రేలిముద్ర వేసే మనిషి. "మరి రెండో తీగ ఎందుకే?" అని అడిగిందట. ఆ ఒక్క ప్రశ్న మేము ఆ నెలలలోనే అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఈ రాత్రి మీ ఇంట మీరు అడగండి.