వాయిదాకూ ప్రోరోగ్‌కూ నడుమ

శాసనసభ సమావేశాల చివరి రోజున సభాపతి నోట వినిపించే మాట ‘నిరవధిక వాయిదా’. ఆంగ్లంలో ‘అడ్జర్న్ సైన్ డై’. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన అడ్జర్న్‌కు మూలార్థం ‘ఫలానా రోజుకు’ అని. సైన్ డై లాటిన్ మాట. ‘రోజు లేకుండా’ అని అర్థం. వెరసి, రోజు లేని రోజుకు సభను పంపడమన్నమాట! తెలుగు మాటకూ ఇలాంటి చరిత్రే ఉంది. అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘వాయిదా’కు తొలి అర్థం వాగ్దానం. గడువు లేని వాగ్దానాలు దేశ రాజకీయాలకు కొత్త కావు.

దీనితో తరచూ కలగాపులగమయ్యే మరో మాట ప్రోరోగ్. ప్రాచీన రోములో అధికారి పదవీకాలాన్ని పొడిగించడాన్ని దీని లాటిన్ మూలపదంతో చెప్పేవారు. ఆంగ్ల పార్లమెంటుకు చేరేసరికి అది సమావేశాన్ని ముగించడమైంది. భాషలో ఇది వింత మాత్రమే. రాజ్యాంగంలో ఈ రెండు మాటలకు ఇద్దరు యజమానులున్నారు. వాయిదా సభాపతిది. ప్రోరోగ్ 174వ అధికరణం కింద గవర్నరుది, అదీ మంత్రివర్గ సలహాపై.

అసలు రాజకీయమంతా ఈ సందులోనే. ప్రోరోగ్ కాని సభను సభాపతే తిరిగి సమావేశపరచవచ్చు, గవర్నరు పిలుపు అక్కర్లేదు. 2022 మార్చిలో తెలంగాణ బడ్జెట్ సమావేశాలు గవర్నరు ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. పాత సమావేశం ప్రోరోగ్ కాలేదు గనుక ఇది దాని కొనసాగింపేనన్నది నాటి ప్రభుత్వ వాదన. 2023 జూన్‌లో పంజాబ్ సభ ఇదే పద్ధతిలో కొలువుదీరి బిల్లులు ఆమోదిస్తే, ఆ సమావేశమే చెల్లదన్నారు గవర్నరు. అది చెల్లుతుందని అదే ఏడాది నవంబరు 10న సుప్రీంకోర్టు తేల్చింది. సభాపతి అధికారాన్ని నిలబెట్టిన ఆ తీర్పు సరైనదే. ఎన్నిక కాని గవర్నరు ఎన్నికైన సభకు తాళం వేయజాలడు.

అయితే ప్రభుత్వాల చేతులూ శుభ్రంగా లేవు. గవర్నరును తప్పించుకోవాలంటే సమావేశం నెలల తరబడి ‘సాగుతూనే’ ఉంటుంది. ఆర్డినెన్సు కావలసివస్తే మాత్రం ప్రోరోగ్ చప్పున గుర్తొస్తుంది, ఎందుకంటే సమావేశం లెక్కలో ఉన్నంతకాలం ఆర్డినెన్సుకు దారి ఉండదు. ఈ మాట పుట్టిన బ్రిటన్‌లోనే 2019లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం బ్రెగ్జిట్ గడువు ముంగిట పార్లమెంటును ఐదు వారాలు ప్రోరోగ్ చేయిస్తే, అది చెల్లదని 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కొట్టివేశారు.

నిరవధిక వాయిదా పడిన సభను ఎన్నాళ్లలోగా ప్రోరోగ్ చేయాలో రాజ్యాంగం చెప్పలేదు. ఆ గడువును సభా నియమావళిలో రాసుకోవడానికి ఏ గవర్నరూ అడ్డు కాదు. ప్రతిపక్షంలో ఉండగా ప్రసంగం ఏదని నిలదీసే పార్టీలు అధికారంలోకి రాగానే చేయవలసిన మొదటి సవరణ అది.