గాలి ఎటు వీస్తోంది మాస్టారూ?

విజయవాడ పటమట నుంచి సూర్యారావుపేట ఎంత దూరం? రోడ్డు ఖాళీగా ఉంటే ఇట్టే వెళ్లిపోవచ్చు. అదే మే నెలలో, పొద్దున తొమ్మిదింటికి, బెంజి సర్కిల్ మీదుగా అయితే... ఆ దేవుడికే తెలియాలి!

ఆ రిటైర్డ్ సైన్సు మాస్టారు వారానికి మూడుసార్లు ఆ దారినే వెళ్తారు. వెనక సీట్లో భార్య. ఆమెకి డయాలసిస్. నాలుగ్గంటలు మిషను దగ్గర పడుకుని బయటికొచ్చేసరికి నిలబడే ఓపిక కూడా ఉండదు. ఆటో ఎక్కితే ఆ కుదుపులకి కళ్లు తిరుగుతాయి. అందుకే ఆ ఇంట్లో 1997 నాటి మారుతీ 800 ఇంకా పాత సామాను కాలేదు.

పదిహేనేళ్లు నిండిన కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా! 2012, 2017, 2022... మూడుసార్లూ మాస్టారు ఆ పని పూర్తిచేశారు. మారుతీ 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. ''ఇంకెన్నాళ్లు నాన్నా, తుక్కుకి ఇచ్చేయండి. క్యాబ్ బుక్ చేసుకోవచ్చుగా'' అని హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ప్రతి ఆదివారం ఫోన్లో పోరుతూనే ఉన్నాడు. పిలిచిన ప్రతిసారీ క్యాబ్ వస్తుందన్న నమ్మకం మాస్టారికి లేదు.

ముల్లు పైకి పాకింది
ఆ రోజు బెంజి సర్కిల్ దగ్గర బళ్లన్నీ నిలిచిపోయాయి. డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు సగం దాటింది. ముప్పావు దాటింది. బానెట్ సందుల్లోంచి సన్నగా ఆవిరి!

మాస్టారు కంగారుపడలేదు. కారుని పక్కకి తీసి ఇంజను ఆపేశారు. ఎవరో కుర్రాడు నీళ్ల బాటిల్‌తో పరుగెత్తుకొచ్చి ''మూత తీయండంకుల్, పోసేద్దాం'' అన్నాడు. ''వద్దు బాబూ, ప్రెషర్ కుక్కర్ మూత పొయ్యి మీదుండగా తీస్తామా?'' అంటూ ఆపేశారు.

నిజమే. రేడియేటర్ మూత మామూలు మూత కాదు. లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్లే వంద డిగ్రీలు దాటినా నీళ్లు మరగవు. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, సలసల కాగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కాలిన ఇంజను మీద చన్నీళ్లు పోయడమూ ప్రమాదమే. అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు, చిట్లిపోవచ్చు.

ఆ పూట భార్యని ఆటోలోనే తీసుకెళ్లారు. సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్న ఆవిడ ఒక్కమాటా అనలేదు. అదే మాస్టారికి ఎక్కువ బాధనిపించింది.

అంబాసిడర్‌కి లేని బాధ
సాయంత్రం ఇంజను పూర్తిగా చల్లారాక, రేడియేటర్లో తగ్గిన నీళ్లు నింపి, మెల్లగా ఆటోనగర్ చేర్చారు. ఒకప్పుడు ఈ కారుని చూసిన పాత మెకానిక్ ఇప్పుడు లేడు. షెడ్డు కొడుకు చేతికొచ్చింది. పాతికేళ్లు కూడా లేవు.

''రోడ్డు మీద వెళ్తున్నప్పుడు బాగానే ఉంటుందిరా. ఆగితేనే వేడెక్కుతోంది'' అన్నారు మాస్టారు.

''అయితే ఫ్యానే మాస్టారూ!'' అన్నాడు కుర్రాడు.

సరిగ్గానే చెప్పాడు. కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగిందంటే ఆ పని ఫ్యానుదే. అంబాసిడర్‌లో ఇంజను నిలువుగా ఉంటుంది. ముందు భాగంలోనే ఫ్యాను. ఇంజను తిరిగితే బెల్టు తిప్పుతుంది, బెల్టు తిరిగితే ఫ్యాను తిరుగుతుంది. మారుతీ 800లో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది. దాని బెల్టు పక్కకి ఉంటే, రేడియేటర్ ముందుంటుంది. అందుకే ఫ్యానుకి వేరే కరెంటు మోటారు పెట్టారు. నీళ్లు బాగా వేడెక్కాక థర్మో స్విచ్ కలుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది. చల్లారితే ఆగిపోతుంది. ఇందులో ఏ ఒక్కటి మొండికేసినా ముల్లు పైకి పాకుతుంది.

కుర్రాడు వరసగా చూశాడు. ఫ్యూజు బాగానే ఉంది. థర్మో స్విచ్ ప్లగ్గు పీకి రెండు వైర్లూ కలిపాడు. ఫ్యాను తిరిగి ఉంటే తప్పు స్విచ్‌దే. తిరగలేదు. మోటారుకి నేరుగా బ్యాటరీ నుంచి కరెంటిచ్చాడు. అప్పుడూ ఉలుకూ పలుకూ లేదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటారుని మెల్లగా తట్టాడు. రెండు చుట్లు తిరిగి మళ్లీ ఆగింది.

''కార్బన్లు అరిగిపోయాయి మాస్టారూ. మోటారు మార్చాల్సిందే.''

ఈ మోడల్ మోటారు ఆ సాయంత్రం కొట్లో దొరకలేదు. ఎల్లుండే మళ్లీ డయాలసిస్. చివరికి తుక్కుకి వచ్చిన ఇంకో బండి నుంచి మోటారు తెచ్చాడు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, ఫ్రేమ్ బోల్టులు విప్పి, ఫ్యానుని ఫ్రేమ్‌తో సహా పైకి లాగాడు. రెక్కల్ని పాత మోటారు నుంచి కొత్తదానికి మార్చాడు. ప్లగ్గులు కుదరలేదు. వైర్ల రంగులూ కలవలేదు. రెండు వైర్లేగా! కత్తిరించి, మెలేసి, టేపు చుట్టాడు. ఇంజను వేడెక్కగానే ఫ్యాను గిర్రున తిరిగింది. మాస్టారు డబ్బులిచ్చి ఇంటికొచ్చారు.

తిరుగుతోంది... కానీ!
ఎల్లుండి పొద్దున. మళ్లీ బెంజి సర్కిల్. మళ్లీ ముల్లు సగం దాటింది! ఈసారి ఫ్యాను శబ్దం స్పష్టంగా వినిపిస్తోంది. మాస్టారు ముల్లు మీద ఓ కన్నేసి, కాసేపు ఇంజను ఆపుతూ, కాసేపు కదుపుతూ ఎలాగో ఆసుపత్రికి చేర్చారు. భార్యని లోపల దిగబెట్టి ఫోన్ చేశారు.

''ఫ్యాను తిరుగుతూ కూడా వేడెక్కుతోందంటే హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది మాస్టారూ. హెడ్ దించాలి'' అన్నాడు కుర్రాడు.

హెడ్ దించడమంటే మాటలా? ఆ కారు ధరకి మించిన ఖర్చు కావచ్చు. కొడుకు మాటే నెగ్గేలా ఉంది. మాస్టారు ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తకుండా కారు ముందుకొచ్చి నిలబడ్డారు. ఫ్యాను మొదలైంది. మోకాళ్లకి వేడిగాలి తగిలింది.

ముందు అర్థం కాలేదు. తర్వాత చటుక్కున వెలిగింది. ఫ్యాను ఉన్నది రేడియేటర్‌కి వెనక. ముందు నుంచి గాలిని లోపలికి లాగాలి. మరి వేడిగాలి ముందుకెలా వస్తోంది?

చేతిలో ఉన్న ఆనాటి దినపత్రికలోంచి ఓ పేజీ తీసి గ్రిల్లుకి ఆనించారు. అంటుకోవాల్సిన కాగితం రెపరెపలాడుతూ బయటికి ఎగిరిపోయింది.

ముప్ఫై ఏళ్లపాటు పదో తరగతి పిల్లలకి చెప్పిన పాఠమే అది. డీసీ మోటారుకి ధన రుణ ధ్రువాలు మారిస్తే అది తిరిగే దిశ మారిపోతుంది. ఎడమచేతి మూడు వేళ్లు చాపి ఫ్లెమింగ్ సూత్రం ఎన్నిసార్లు చూపించలేదు! వైర్లు తారుమారయ్యాయి. ఫ్యాను గాలిని వెనక్కి లాగే బదులు ముందుకి నెడుతోంది. అదీ సంగతి!

మధ్యాహ్నం షెడ్డులో కుర్రాడు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చాడు. మాస్టారు మళ్లీ పేజీ ఆనించారు. ఈసారి కాగితం గ్రిల్లుకి అతుక్కుపోయింది. ఇంజను ఇరవై నిమిషాలు అక్కడే నడిచినా ముల్లు సగం దగ్గర నుంచి కదల్లేదు.

కుర్రాడు తల దించుకున్నాడు. ''డబ్బులొద్దు మాస్టారూ, తప్పు నాదే.''

''తీసుకోరా. తప్పుకి కాదు, మోటారు మార్చినందుకు. ఈసారి ఏ బండికైనా ఫ్యాను బిగిస్తే తిరుగుతోందా అని చూడకు. గాలి ఎటు వీస్తోందో చూడు.''

తిరుగు ప్రయాణంలో భార్య వెనక సీట్లో ఒత్తిగిలి పడుకుంది. బెంజి సర్కిల్లో ఎర్రలైటు పడింది. ఫ్యాను చప్పుడు చేస్తూ మొదలై, కాసేపటికి దానంతటదే ఆగింది.

''ఏవండీ, ఇవాళ పేపర్ చదివారా?'' అడిగిందామె కళ్లు మూసుకునే.

''ఓ పేజీ తప్ప అంతా చదివాను'' అన్నారు మాస్టారు.

ఇవి గుర్తుంచుకోండి
* టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. ఇంజను వేడి కొంత లోపలికొస్తుంది. అయినా తగ్గకపోతే బండి పక్కకి తీసి ఇంజను ఆపేయండి.
* ఇంజను చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు.
* కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను దానంతటదే తిరగొచ్చు. అక్కడ చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించండి.
* మోటారు మార్చేముందు ఫ్యూజు, రిలే, థర్మో స్విచ్, వైరింగు చూడమనండి. చాలాసార్లు తప్పు చిన్నదే అయి ఉంటుంది.
* మోటారు మార్చాక కాగితం పరీక్ష చేయించండి. చీర కొంగు, చున్నీ, చేతివేళ్లు మాత్రం ఫ్యానుకి దూరంగా ఉంచండి.