అది గ్రంథాలయం కాదు, అంగడి

పోయిన నెల మన సమావేశంలో ఒక పెద్దాయన నన్ను సూటిగానే అడిగారు: "సాహిత్య పత్రికలో ఈ ఇంటర్నెట్ గొడవేమిటండీ? అది కంప్యూటర్ల వాళ్ళు చూసుకునే విషయం కదా!" నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు. ఆయనకు జవాబుగానే ఇది రాస్తున్నాను. నొచ్చుకోరని నమ్మకం.

మన పత్రిక మీ ఇంటికి టపాలో వస్తుంది. టపా కచేరీ వాళ్ళు బరువు చూస్తారు, చిరునామా చూస్తారు. లోపల ఉన్నది తెలుగా కన్నడమా, కథా కవిత్వమా అని అడగరు. లక్ష ప్రతులు వేసే వారపత్రికకైనా, కొద్ది వందలు వేసే మనకైనా ఒకే లెక్క. రేపు వాళ్ళే, "ఫలానా పెద్ద పత్రిక మాతో ఒప్పందం చేసుకుంది, దాన్ని ఉచితంగా అందిస్తాం, మీది కావాలంటే చందాదారు విడిగా టపా ఖర్చు కట్టుకోవాలి" అంటే ఊరుకుంటామా? ఇంటర్నెట్ విషయంలో కంపెనీలు అడిగింది సరిగ్గా ఇదే. మోసేవాడు మూటలో ఏముందో చూసి తేడా చూపకూడదన్న నియమానికే నెట్ న్యూట్రాలిటీ అని పేరు. అది ముందుగా కావలసింది పెద్దవాళ్ళకు కాదు, మనలాంటి చిన్న పత్రికలకు, చిన్న గుంపులకు.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఒక పథకం తెచ్చాయి. ఏవో ముప్ఫై చిల్లర సైట్లు మాత్రం డేటా ఖర్చు లేకుండా చూడవచ్చు. ఆ గోడ దాటితే పైకం కట్టాలి. మొదట మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. అంటే ఈ తాయిలం ముందుగా రుచి చూపించినవాళ్ళలో మనవాళ్ళున్నారు. ఆ ఏడే దానికి ఫ్రీ బేసిక్స్ అని కొత్త పేరు పెట్టారు. ఈలోగా ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. అందులో ఖర్చు చదువరి బదులు సైటువాడే పెట్టుకుంటాడట. అంటే పెట్టుకోగలవాడే కనిపిస్తాడు. మన బెంగళూరు ఫ్లిప్‌కార్ట్ అందులో చేరబోయి, జనం తిట్టిపోస్తే ఏప్రిల్ 14న వెనక్కి తగ్గింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే ఆ ఏప్రిల్‌లో పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి.

మన ఊళ్ళో ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక కుర్రవాళ్ళు అట్టలు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రచారం. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఐఐటీల ఆచార్యులతో కలిసి ఫ్రీ బేసిక్స్‌ను తిరస్కరించాలని ప్రకటన చేశారు. అదే సమయంలో మన తెలుగు సంఘాలు ఏం చేస్తున్నాయి? ఏమీ చేయలేదు. నేనూ ఏమీ చేయలేదు. ఆ కుర్రవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు కనిపించినా, "బాగా చేస్తున్నారు నాయనా" అని పక్కనుంచి వెళ్ళిపోయిన బాపతు నేను.

2015 డిసెంబరు చివర జుకర్‌బర్గ్ మన దేశపు ఇంగ్లీషు దినపత్రికలో ఒక వ్యాసం రాశాడు. గ్రంథాలయంలో అన్ని పుస్తకాలూ ఉండవు, అయినా మేలు చేయడం లేదా, మాదీ అలాంటిదే అన్నాడు. ఈ పోలిక చూసి అయినా మనకు రోషం రావలసింది. గ్రంథాలయమంటే ఏమిటో తెలుగువాడికి చెప్పాలా? నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నాం. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిరిగినవాళ్ళున్నారు. ఆ బీరువాల్లో పుస్తకాలు తక్కువే కావచ్చు. కానీ ఆ గ్రంథాలయం నడిపినవాడు పుస్తకాల వ్యాపారి కాదు. నువ్వు ఏ పేజీ తిరగేశావో రాసుకుని దాన్ని ప్రకటనదారుకు అమ్ముకోలేదు. పక్క వీధి గ్రంథాలయానికి వెళ్తే రుసుము కట్టాలని దారిలో కూర్చోలేదు.

గ్రంథాలయ శాస్త్రానికి ఈ దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ చివరి ఏళ్ళు గడిపింది ఈ బెంగళూరులోనే. 1962లో ఇక్కడే గ్రంథాలయ శిక్షణ కేంద్రం స్థాపించి, 1972లో ఇక్కడే కన్నుమూశారు. చదువరికి కావలసిన పుస్తకం అందాలి, ప్రతి పుస్తకానికీ దాని చదువరి దొరకాలి. ఆయన సూత్రాల్లో రెండింటి సారం ఇది. ఫ్రీ బేసిక్స్ రెండింటినీ తలకిందులు చేసింది. ఏది అందాలో కంపెనీ నియమాలు తేలుస్తాయి, ఆ జాబితాకెక్కని పుస్తకానికి చదువరే ఉండడు. దాన్ని గ్రంథాలయం అనకూడదు. అంగడి అనాలి.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తీర్పులాంటి ఉత్తర్వు ఇచ్చింది. చూసే విషయాన్ని బట్టి డేటా ధర మార్చకూడదు. మారిస్తే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. కొద్ది రోజులకే ఫ్రీ బేసిక్స్ మూట సర్దుకుంది. 2018 జూలైలో కేంద్రం ఆమోదంతో తటస్థత నియమాలు ఇంకా గట్టిపడ్డాయి. అమెరికా 2017 డిసెంబరులో తన నియమాలను తనే రద్దు చేసుకున్న తర్వాత కూడా మనం నిలబడ్డాం.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మా వీధిలో కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గర కదిరి వైపు నుంచి వచ్చిన బేల్దారి కుటుంబం ఉంది. కూతురు ఎనిమిదో తరగతి. ఒక సాయంత్రం మా మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చుంది.

"ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావే?"

"రీచార్జి అయిపోయింది సార్. నాయినకు కూలీ శనివారం వస్తాది. ఈడ మీ వైఫై దొరుకుతాదని అక్క చెప్పింది."

ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. క్యాలెండరులో నెల ముప్ఫై రోజులు, ఆ ఇంటి రీచార్జికి ఇరవై ఎనిమిదే. 2024 జూలైలో పెద్ద కంపెనీలన్నీ ఒకదాని వెనక ఒకటి ధరలు పెంచాయి. "చూశారా, ఆనాడు ఆ ఉచితాన్ని ఉండనిస్తే ఈ పిల్లకు ఏదో ఒకటి దక్కేది కదా" అని ఇప్పుడు మీరు నన్ను నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీన్ని తప్పించుకుంటే మన వాదం మధ్యతరగతి వాదంగానే మిగిలిపోతుంది.

పేదవాడికి ఉచితంగా ఇవ్వడం తప్పని ఎవరూ అనలేదు. ఇచ్చేవాడే ఏం చూడాలో నిర్ణయించడం తప్పన్నారు. నందన్ నిలేకని, వైరల్ షా ఆనాడే చెప్పారు: కొంత డేటా నేరుగా మనిషికివ్వండి, దేనికి వాడుకోవాలో అతనికే వదిలేయండి అని. ట్రాయ్ కూడా 2016 డిసెంబరులో గ్రామీణ వినియోగదారులకు నెలకు 100 ఎంబీ షరతులు లేకుండా ఇవ్వమని సిఫారసు చేసింది. ఇలాంటి పనులకే కంపెనీల ఆదాయం నుంచి 5 శాతం సార్వత్రిక సేవా నిధికని వసూలవుతూ వచ్చింది. ఆ 100 ఎంబీ ఎవరి ఫోనులోనూ పడిన జాడ నాకైతే తెలియదు. తటస్థత కోసం లక్షల ఈమెయిళ్ళు రాసిన మనం దీనికి ఒక్కటీ రాయలేదు. మన ఇళ్ళలో వైఫై ఉంది కదా!

కంపెనీలు మళ్ళీ వచ్చాయి, ఈసారి వేరే వేషంలో. ఎక్కువ డేటా పంపే సైట్లు తమకు న్యాయమైన వాటా చెల్లించాలంటున్నాయి. చందాదారు దగ్గర ఒకసారి తీసుకున్న కూలీకే ఇది రెండో కూలీ. దక్షిణ కొరియాలో ఇలాంటి రుసుముల భారం మోయలేమని ట్విచ్ అనే వీడియో సంస్థ 2024 ఫిబ్రవరిలో దుకాణం కట్టేసింది. ఈ రోజు పెద్దవాడి దగ్గర తీసుకున్నవాడు రేపు మన దగ్గర తీసుకోడని హామీ ఏమిటి?

ఢిల్లీ సంగతి అలా ఉంచి మన ఊరికొద్దాం. 1965 నాటి కర్ణాటక ప్రజా గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఆస్తిపన్ను మీద 6 శాతం గ్రంథాలయ సెస్సు ఉంది. రసీదు తీసి చూసుకోండి. ఇలా వసూలైన సొమ్ము నగర పాలక సంస్థ నుంచి గ్రంథాలయ శాఖకు చేరక కోట్లలో బకాయి పడిందన్న వార్త పలుమార్లు వచ్చింది. ఆ సొమ్ము చేరితే ప్రతి వార్డు గ్రంథాలయంలో వైఫై పెట్టవచ్చు. నాలుగు కంప్యూటర్లు, సాయంత్రం ఎనిమిది వరకు తెరిచిన తలుపు, ఒక బీరువా నిండా తెలుగు పుస్తకాలు పెట్టవచ్చు. గురప్పనపాళ్యలోని సుదర్శన్ లేఅవుట్ మురికివాడలో ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళే అంబేడ్కర్ పేరిట కంప్యూటర్ కేంద్రం నడిపి పిల్లలకు నేర్పారు. జీతాలు లేనివాళ్ళు చేసిన పని, మన దగ్గర సెస్సు తీసుకున్నవాళ్ళు చేయలేరా?

అర్జీ ముసాయిదా రాశాను. మన వార్డు గ్రంథాలయంతో మొదలుపెడదాం. తెలుగులో రాసుకున్నది కన్నడంలోకి మార్చాలి. నా కన్నడం బస్సు కండక్టరుతో మాట్లాడటానికి సరిపోతుంది, అర్జీకి సరిపోదు. చక్కని కన్నడం వచ్చిన మిత్రులు వచ్చే సమావేశానికి ఒక గంట ముందుగా రండి. మొదట అడిగిన ఆ పెద్దాయన కన్నడం చాలా బాగుంటుందని విన్నాను.