విప్పని బొమ్మ

పెద్దవారు బొమ్మలు కొనుచున్నారని విని నవ్వకుడి. అమెరికా దేశమందు కెన్నర్ అను కంపెనీ 1978లో ‘స్టార్ వార్స్’ అను సినిమాలోని పాత్రల రూపమున చిన్న ప్లాస్టిక్ బొమ్మలను అమ్మసాగెను. వాటి ఎత్తు నాలుగంగుళములకు లోపే, కాలుచేతులు కదలును. నాడు వాటితో ఆడిన బాలురు నేడు తల నెరసిన పెద్దలై, ఆ బొమ్మలనే వెదకి వెదకి కొనుచున్నారు.

బాల్యమును తలంచుకొనుట తప్పు కాదు. అరిగిన బొమ్మను చేతబట్టి తల్లిని, తోబుట్టువులను జ్ఞాపకము చేసికొనువానిని ఎవరు నిందింతురు? అయితే ఆ సంతలోని లెక్క చూడుడి. బిడ్డ ఆడుకొనిన బొమ్మకు వెల తక్కువ. అట్టమీది మూత విప్పక, ఏ బిడ్డయు ముట్టని బొమ్మకు వెల ఎక్కువ! 2024లో బోబా ఫెట్ అను పాత్ర బొమ్మ యొకటి వేలములో 5,25,000 డాలర్లకు పోయెను. అది అంగడికే రాని నమూనా. దాని వీపునుండి ఎగురు చిన్న రాకెట్టు పిల్లలకు అపాయకరమని ఎంచి, కంపెనీ అట్టి బొమ్మను అమ్మక మానెను. ఏ బాల్యమును ఎరుగని బొమ్మకే అంత వెల! బాల్యమును తిరిగి కొనుచున్నామనువారు కొనినదేమి?

విత్తనమును గాదెలో దాచి, మొలవలేదు గనుక విలువ హెచ్చెనని మురియు రైతు కలడా?

మీ యింట పాత బొమ్మ యున్నయెడల తాళము వేయకుడి. పిల్లల చేతికియ్యుడి. రంగు పోవును, చేయి విరుగును, పోనిండు. బొమ్మ పుట్టినది అందుకే.