కోలాటం ఆడే వయసేనా?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. మా అమ్మ చివరి రోజుల్లో కన్నబిడ్డలనే గుర్తుపట్టలేదు. ఈమధ్య నేనూ తాళంచెవులు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నాను. చదువుకున్నవాళ్లకు ఆ జబ్బు రాదంటారు, నిజమేనా? మా గుళ్లో కోలాటం నేర్పుతున్నారు. వెళతానంటే మా అబ్బాయి నవ్వుతున్నాడు.
- ఒక సోదరి, తెనాలి

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. మీ అబ్బాయిని నవ్వుకోనివ్వండి.

తాళంచెవులు ఎక్కడో పెట్టి మరిచిపోవడం జబ్బు కాదు. అవి దేనికో తెలియకపోతే, తెలిసిన వీధిలోనే దారి తప్పితే, అడిగిందే పదేపదే అడుగుతుంటే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా మతిమరుపు వస్తుంది. వాటికి వైద్యముంది. అమ్మకు వచ్చింది కనుక నాకూ తప్పదని బెంగపెట్టుకోకండి.

చదువుకున్నవాళ్లకూ డిమెన్షియా వస్తుంది. కాకపోతే సగటున ఆలస్యంగా బయటపడుతుంది. చదువు గాదెలో నిలవచేసిన ధాన్యం లాంటిది. కరువును ఆపలేదు, కొన్నాళ్లు తట్టుకోనిస్తుంది. అయితే గాదె నింపేది బడి ఒక్కటే కాదు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివారిలోనూ ఈ తేడా కనిపించింది!

ఇక కోలాటం సంగతి. న్యూయార్కులో 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఫలితాలు ప్రకటించారు. చదివేవారిలో, వాద్యాలు వాయించేవారిలో, నాట్యం చేసేవారిలో డిమెన్షియా తక్కువగా కనిపించింది. శరీరశ్రమ ఉన్న పనుల్లో ఆ తేడా తేలింది నాట్యానికే. మెదడు బాగున్నవాళ్లే ఆడగలిగారేమోనన్న అనుమానం మాత్రం ఉండనే ఉంది. అందుకే కోలాటాన్ని మందు అనను. కాని పాట వినాలి, అడుగు తప్పకూడదు, ఎదుటివారి కోలకు మన కోల తగలాలి, కోపు మారగానే చెయ్యీ కాలూ మారాలి. ఉత్త నడకలో మెదడుకు ఇంత పని ఎక్కడిది? వచ్చిన నాలుగు కోపులే తిప్పితిప్పి ఆడక కొత్తవి నేర్చుకుంటూ ఉండండి.

ముందుగా రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోండి. చెవులు కూడా చూపించుకోండి. వినికిడి తగ్గినవారికి డిమెన్షియా ప్రమాదం ఎక్కువ. మోకాళ్లు నొప్పిగా ఉంటే గెంతకుండా చిన్న అడుగులు వేయండి. తడి బండల మీద ఆడవద్దు. గుండెలో నొప్పిగాని, ఆయాసంగాని, కళ్లు తిరగడంగాని ఉంటే వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు తగలేయకండి.